ఒక్క సాక్షి

కాలేజీలో ముప్ఫై నాలుగేళ్ళు చరిత్ర పాఠం చెప్పిన ఆయన్ని ఊళ్ళో ఎవరూ అసలు పేరుతో పిలవరు. ఆధారం మాస్టారు అంటారు. ఎవరేం చెప్పినా ఆయన నోట మొదట వచ్చే మాట ‘ఆధారం?’ అనే. రేపట్నుంచి పాలు చిక్కగా ఉంటాయని పాలవాడు అన్నా అదే ప్రశ్న, మా తాత ఒంటిచేత్తో బండి ఎత్తేవాడని పక్కింటాయన అన్నా అదే ప్రశ్న. పెళ్ళయిన కొత్తలో ‘మీరంటే నాకిష్టం’ అని భార్య అంటే కూడా అదే అడిగారని ఆయన మరదలు చెబుతుంటుంది. దానికి మాత్రం ఆధారం లేదని మాస్టారు అంటారు.

భార్య పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో ఆయనా, కూతురూ ఇద్దరే. అమ్మాయికి ముప్ఫై ఎనిమిది. పెద్దాసుపత్రిలో మందుల విభాగం ఆమె చేతుల మీద నడుస్తుంది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే ‘తీరిక లేదండీ’ అంటుంది. ఆ జవాబుతో ఆమెకూ తండ్రికీ కూడా సరిపోయింది. ఆదివారం పొద్దున్నే ఆమె కాథలిక్కుల గుడికి వెళ్ళడం మొదలుపెట్టి రెండేళ్ళు దాటింది. ఆయన చూస్తూనే ఉన్నారు గాని ఏమీ అడగలేదు.

మాస్టారు దేవుణ్ణి నమ్మరు. వయసులో ఉన్నప్పుడు పార్టీ మనిషి. ఆ రోజుల్లో పార్టీ అంటే ప్రభుత్వమే. మతం పాతకాలపు జబ్బు, వైద్యం చేస్తే పోతుందని దాని సిద్ధాంతం. ఆ వైద్యంలో భాగంగా కాథలిక్కుల గుడికి తాళం వేశారు. అక్కడి ఫాదరును, అంటే గురువుగారిని, ఎక్కడికో పంపేశారు. పదకొండేళ్ళ పాటు ఆ గుడిలో బడి బల్లలూ కాళ్ళు విరిగిన కుర్చీలూ పేర్చి ఉంచారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన మాస్టారు సాయంకాలం తరగతులు పెట్టి, చరిత్ర ఎటు పోతుందో ఊళ్ళో ఉద్యోగులందరికీ నల్లబల్ల మీద గీతలు గీసి చూపించేవారు. తీరా చూస్తే చరిత్ర ఇంకెటో పోయింది. పార్టీ పడిపోయింది, గుడి తెరుచుకుంది, బల్లలు బడికి చేరాయి. మాస్టారు పార్టీని వదిలేశారు గాని గుడి వైపూ రాలేదు. “ఒక గుర్రం దిగినంత మాత్రాన ఇంకో గుర్రం ఎక్కాలా ఏం? నడవకూడదా?” అనేవారు.

ఒక పొద్దున కాఫీ తాగుతుండగా కూతురు గ్లాసు కింద పెట్టింది.

“నాన్నా, నీకో మాట చెప్పాలి. నేను కాథలిక్కుల్లో చేరదామనుకుంటున్నా. పూర్తిగా.”

మాస్టారు పేపరు మడిచారు. “అయితే చిన్నప్పట్నుంచి నేను చెప్పిందేదీ నీ చెవికెక్కలేదన్నమాట.”

“అన్నీ ఎక్కాయి నాన్నా. అన్నీ విన్నాకే వెళ్తున్నా.”

“ఆధారం?”

“ఉంది. కానీ బల్ల మీద పెట్టి చూపించే రకం కాదు.”

కోపం వస్తుందేమోనని ఆయన లోపల వెతుక్కున్నారు. రాలేదు. “సరే. నీ వయసులో నేను ఇంతకన్నా పెద్ద సంగతులు ఇంతకన్నా తక్కువ ఆధారంతో నమ్మాను” అన్నారు. అమ్మాయి లేచి వెళ్తూ వెళ్తూ ఆయన భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళింది.

చిక్కు ఆ వారమే వచ్చింది. పేరు రాసుకునే ముందు, నీకు చిన్నప్పుడు జ్ఞానస్నానం అయిందా అని గురువుగారు ఆమెను అడిగారు. లేదంది. మీ అమ్మవైపు వాళ్ళు కాథలిక్కులే కదా, ఒకసారి పెద్దవాళ్ళని కనుక్కో, అది ఒక మనిషికి రెండుసార్లు ఇచ్చేది కాదు అన్నారాయన. అటువైపు మిగిలిన పెద్ద దిక్కు పిన్ని ఒక్కతే. ఆవిడ రెండు వీధుల అవతల ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు అమ్మాయి ఆ మాట అడిగింది.

పిన్ని తింటున్న ముద్ద కంచంలో పెట్టేసి బావగారి వైపు చూసింది.

“అయింది” అంది.

“ఏమయింది?” అన్నారు మాస్టారు.

“జ్ఞానస్నానం. పుట్టిన మూడో రోజున, ఆసుపత్రిలో. అక్క నా చేత ఒట్టు వేయించుకుంది బావగారూ. పిల్ల తనంతట తాను గుడిలో చేరతానంటేనే చెప్పు, అంతవరకూ నీ నోరు దాటకూడదు అంది. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నా. ఇంక నా వల్ల కాదు.”

మాస్టారికి ఆ రోజులు కళ్ళ ముందు మెదిలాయి. అమ్మాయి ఏడు వారాలు ముందుగా పుట్టింది. ఆయన పార్టీ మహాసభకని రాజధానికి వెళ్ళి, నాలుగు రోజులు అక్కడే ఉండిపోయారు. తిరిగొచ్చేసరికి ‘గండం గడిచింది’ అని భార్య నవ్వుతూ చెప్పింది. అంతకుమించి ఇంకేమీ చెప్పలేదు.

“నువ్వు చూశావా?” అని అడిగారు.

“నేను లేను. అక్క చెప్పింది. పెద్ద నర్సమ్మ చేసిందట.”

“అంటే విన్న మాట. కళ్ళతో చూసిన సాక్ష్యం కాదు.”

“మీ బుద్ధి పోనిచ్చుకున్నారు కాదు” అని మరదలు మళ్ళీ భోజనంలో పడింది. అమ్మాయి మాత్రం తండ్రి మొహాన్నే చూస్తూ ఉంది.

ఆ మధ్యాహ్నం మాస్టారికి కునుకు పట్టలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఒకే కప్పు కింద కాపురం చేసిన మనిషి తనకు ఒక సంగతి చెప్పకుండానే వెళ్ళిపోయింది. అలమారు తెరిచి, ఇరవై ఏళ్ళ కిందట తానే రాసి అచ్చు వేయించిన ఊరి చరిత్ర పుస్తకం తీశారు. నూట పన్నెండో పేజీలో ఆయన వాక్యం నిక్కచ్చిగా ఉంది: ‘ఈ పదకొండేళ్ళలో పట్టణంలో ఒక్క జ్ఞానస్నానమూ జరగలేదు.’ ఊరంతా తవ్వి పోసిన మనిషికి సొంతింట్లో సంగతి తెలియలేదు. దీపం కిందే చీకటి. నొప్పి ఒక పక్కన ఉంది, నిజమే. ఇంకో పక్కన మాత్రం, చాలా కాలంగా పడుకున్న కుక్క చెవులు రిక్కించినట్టు, ఆయనలోని చరిత్రకారుడు లేచి కూర్చున్నాడు.

మర్నాడు ఆయనే గుడికి వెళ్ళారు. విచారణ గురువు (ఒక గుడి కిందికొచ్చే ఇళ్ళన్నిటినీ కలిపి వాళ్ళు విచారణ అంటారు) నలభై దాటిన బొద్దు మనిషి. గుడి వెనక గదిలో, ఊడిన కిటికీ తలుపుకు మేకులు కొడుతున్నారు. మాస్టారిని చూసి సుత్తి పక్కన పెట్టి కుర్చీ లాగారు.

“అమ్మాయి చెప్పిందండీ. పెద్ద చిక్కేమీ కాదు. తేలకపోతే దానికీ ఒక పద్ధతి ఉంది. ‘నీకు ఇంతకుముందు జ్ఞానస్నానం కాకపోయి ఉంటే’ అని మొదలుపెట్టి ఇస్తాం.”

మాస్టారికి అది మింగుడు పడలేదు. “‘కాకపోయి ఉంటే’ ఏమిటండీ? మా అమ్మాయి ఇంత ఆలోచించుకుని వస్తుంటే, మీరు అనుమానంతో మొదలుపెడతారా? ఉండండి, తేలుద్దాం. మీకు ఏమాత్రం రుజువు కావాలి?”

“ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరు నీళ్ళు పోసినా చెల్లుతుంది. నమ్మదగిన సాక్షి ఒకరుంటే చాలు.”

“ఒక్కరా?”

“ఒక్కరే.”

“మా పిల్లలు పరీక్షలో ఒక్క సాక్ష్యంతో నిర్ధారణ రాస్తే నేను సున్నా వేసేవాణ్ణి.”

గురువుగారు నవ్వారు. “అది మీ పరీక్ష మాస్టారూ. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. అయినా ఆవిడ నెత్తి మీద నీళ్ళు పడి ఉంటే, మనం రాసుకున్నా రాసుకోకపోయినా పడ్డట్టే. మనం కొత్తగా చేసేదేమీ లేదు, తెలుసుకోవడమే. పాత పుస్తకాలు ఉంటే అటు పక్క కుటుంబాల సంగతైనా దొరికేది. అవి అప్పట్లోనే పోయాయి. పన్నెండు పుస్తకాలని చెబుతారు.”

మాస్టారు తల వంచుకుని తన చేతులు చూసుకున్నారు. ఈ మాట చెప్పడానికి ఆయన ఇంటి దగ్గర బయల్దేరలేదు. కానీ గదిలో ఆ వెలుతురూ, ఆ కిటికీ అన్నీ గుర్తున్నాయి.

“పద్నాలుగు” అన్నారు.

“ఏమిటండీ?”

“పన్నెండు కాదు, పద్నాలుగు. తాళం వేసిన రోజు గుడిలో వస్తువుల జాబితా రాసింది నేనే. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. నా చేతిరాత బాగుంటుందని నన్ను పిలిచారు. గంటలు, దీపపు స్తంభాలు, కుర్చీలు అన్నీ రాశాను. ఈ గదిలోనే, ఆ గోడ పక్కన బీరువాలో పుస్తకాలున్నాయి. తెరిచి చూశాను కూడా. నూట యాభై ఏళ్ళ పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు. చరిత్ర చదువుకున్నవాణ్ణి నాకు తెలీదా అవేమిటో? అయినా ‘పనికిరాని కాగితాలు, పద్నాలుగు పుస్తకాలు’ అని రాశాను. అలా రాయమన్నారు, రాశాను. మర్నాడు కాగితాల మిల్లుకు పంపేశారు.”

గురువుగారు కూజాలోంచి గ్లాసులో మంచినీళ్ళు వంచి ఆయన ముందు పెట్టారు.

“ఇది ఎవరికైనా చెప్పారా ఇంతకుముందు?”

“లేదు.”

“మరి నాకెందుకు చెప్పారు?”

“మీరు పన్నెండన్నారు. తప్పు లెక్క వింటూ ఊరుకోలేకపోయాను.”

ఈసారి ఇద్దరూ నవ్వారు. గురువుగారు బల్ల అవతలి నుంచి చెయ్యి చాపి ఆయన మణికట్టు పట్టుకున్నారు. “పోయినవి పోయాయి మాస్టారూ. నలభై రెండేళ్ళు మోశారు, చాలు. ఆ పుస్తకాల్లో ఏం చూశారో గుర్తున్నంత వరకు రాసివ్వండి, మాకు అదే పదివేలు” అన్నారు. బయటికి వస్తుంటే మాస్టారికి ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. వయసు వల్ల వచ్చిన తూలుడేమో అనుకున్నారు గాని, అది కాదని ఆయనకే తెలుసు.

పెద్ద నర్సమ్మ బతికే ఉంది. ఎనభై ఆరేళ్ళు. మఠకన్యలు నడిపే ముసలివాళ్ళ ఇంట్లో, మేడ మీద ఎండ తగిలే గదిలో ఉంటుంది. మాస్టారు నోటుపుస్తకం, రెండు పెన్నులు పట్టుకుని కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆవిడకు చూపు మందగించింది గాని చెవులు పాము చెవులు.

“ఆ గొంతు నాకెరికే. సాయంకాలం తరగతుల లెక్చరర్ గారు కదూ? రోజంతా కాళ్ళు పీకేలా తిరిగి వస్తే, మీరు ఇంకో రెండు గంటలు కూర్చోబెట్టేవారు. చెక్క బల్లల మీద ఎంత హాయిగా నిద్రపోయేదాన్నో.”

“నిద్రపోయేవారా?” అన్నారు మాస్టారు నొచ్చుకుంటూ.

“మీ పాఠం మంచిదే బాబూ. మెత్తగా ఉండేది.”

కూతురు మొహం తిప్పుకుని నవ్వు ఆపుకుంది. మాస్టారు గొంతు సవరించుకుని పని మొదలుపెట్టారు. ఏ వార్డు, ఏ మంచం, ఎన్ని గంటలకు, గదిలో ఎవరెవరున్నారు. ఆవిడ తడుముకోకుండా చెప్పింది. పొద్దున పదకొండు గంటలు, కిటికీ పక్క మంచం. పిల్ల నీలంగా మారిపోయింది. ఇంక చేయగలిగిందేమీ లేదన్నాడు డాక్టరు. అప్పుడు తల్లి నర్సమ్మ చెయ్యి పట్టుకుని, ‘నీళ్ళు పొయ్యి’ అంది.

“డాక్టరు గారు చూశారా?”

“నా మొహం చూసి ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నీళ్ళ చప్పుడు ఆగేదాకా అటే చూశాడు. పోయి పదేళ్ళయింది పాపం.”

“దేంతో పోశారు?”

“మందు తాగించే చిన్న గ్లాసుతో.”

మాస్టారు గురువుగారి దగ్గర అరువు తెచ్చిన జ్ఞానస్నాన విధుల పుస్తకం రెండుసార్లు చదివి వచ్చారు. “నీళ్ళు పారాయా, లేక తడి వేలితో తుడిచారా? అది ముఖ్యం.”

నర్సమ్మ తల అమ్మాయి వైపు తిప్పింది. “ఈయన దేవుణ్ణి నమ్మడన్నారే?”

“నమ్మడండీ. కానీ పద్ధతి తప్పకూడదు ఆయనకి” అంది అమ్మాయి.

“పారాయి. మూడుసార్లు పోశాను. నా చెయ్యి తడిసింది, దుప్పటి తడిసింది, మీ ఆవిడ చెయ్యి తడిసింది. పిత, పుత్ర, పవిత్రాత్మ పేరు చెప్పే పోశాను. వాళ్ళమ్మ పేరు పెట్టమంది, అదే పెట్టాను. నీళ్ళు చల్లగా తగిలాయేమో, పిల్ల ఒక్క కేక పెట్టింది. ఆ కేకతో ఊపిరి అందుకుంది. అద్భుతమో, చన్నీళ్ళో నేను చెప్పలేను. డాక్టరు మాత్రం గిరుక్కున ఇటు తిరిగాడు.”

అమ్మాయి ఆవిడ మంచం మీద కూర్చుని ముడతలు పడ్డ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. మాస్టారు రాస్తున్నది ఆపలేదు. కాగితం నిండాక పెన్ను మూత పెట్టారు.

“ఇంకొకటి అడుగుతాను. ఇది నోటుపుస్తకంలోకి కాదు. నాకెందుకు చెప్పలేదు? నేను కోప్పడతాననా?”

“కోపమా? మీకు కోపం రాదని ఊరంతా తెలుసుగా. పార్టీవాళ్ళు మీ చేత ఏటేటా ఒక కాగితం నింపించేవారు కదా.”

నింపించేవారు. ‘ఇంట్లో మతాచారాలు ఏమైనా ఉన్నాయా?’ అన్నది ఆరో ప్రశ్న. ప్రతి ఏడూ ఆయన ‘లేవు’ అని రాసి సంతకం పెట్టేవారు.

“ఆ రోజు మీ ఆవిడ నాతో అంది. ‘ఆయనకి అబద్ధం రాయడం రాదు నర్సమ్మా. తెలిస్తే ఉన్నది ఉన్నట్టు రాసేస్తాడు, ఉద్యోగం పోతుంది. లేదా అబద్ధం రాసి జీవితమంతా కుమిలిపోతాడు. తెలియకపోతే నిజమే రాసినట్టవుతుంది. దాచే భారం నాకుండనీ’ అంది. తర్వాత రోజులు మారాక చెప్పేద్దామనుకుంది. కానీ పిల్లని ఎవరి వైపూ లాగకూడదని పెళ్ళప్పుడు మీరిద్దరూ అనుకున్నారటగా. ‘ఒక్కసారి ఆ మాట తప్పాను, ఇంక తప్పను, పిల్లే తేల్చుకోవాలి’ అంది.”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. తాను ‘లేవు’ అని రాసిన ప్రతి కాగితం వెనకా ఆమె నిలబడి, ఆయన నిజాయితీని కాపు కాసిందన్నమాట. ఆమె దాచినందుకు రెండు రోజులుగా మనసులో గుచ్చుకుంటున్నది, అదే సంగతికి మెల్లగా మెత్తబడింది.

“ఇలా ఇంకెంతమందికి పోశారు?” అని అడిగారు.

“నలభై ఒక్కమందికి. తల్లో తండ్రో అడిగితేనే, అదీ చావు బతుకుల్లో ఉన్నప్పుడే. అందరూ బతకలేదు. పిల్లాడి పక్కన ఏడవడానికి కూడా భయపడ్డ తల్లుల్ని చూశాను. మీ పార్టీ పెద్దల ఇళ్ళవాళ్ళూ ఉన్నారు.”

“నేను నా పుస్తకంలో ఒక్కటీ జరగలేదని రాశాను.”

“నన్ను అడిగితే చెప్పేదాన్నిగా.”

మాస్టారు పకపకా నవ్వారు. చరిత్ర చెప్పే పంతులికి ఇంతకన్నా చురక ఇంకేముంటుంది? తన వాక్యం నలభై ఒక్క రెట్లు తప్పని తెలిసి, అంత సంతోషపడ్డ మనిషిని ఆ కూతురు ఎన్నడూ చూడలేదు.

సాక్ష్యం శుభ్రంగా తిరగరాసి నర్సమ్మకు చదివి వినిపించారు. ఆవిడ వంకరటింకరగా సంతకం చేసింది. దాన్ని తీసుకుని మర్నాడు గురువుగారి ముందు పెట్టారు. “సాక్షి ఒక్కరే. రెండో మనిషి కిటికీ లోంచి బయటికి చూస్తున్నాడు, అతనూ ఇప్పుడు లేడు. అయినా నేను నమ్ముతున్నాను” అన్నారు. తన నోట ఆ క్రియాపదం విని ఆయనే ఒక్క క్షణం తడబడ్డారు. గురువుగారు విననట్టే ఊరుకుని, కాగితం ఆసాంతం చదివారు.

“అయితే అమ్మాయి ఇప్పుడు కొత్తగా చేరేదేమీ లేదండీ. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మా మనిషే. తెలియక బయట నిలబడింది, అంతే.”

పీఠాధిపతి బిషప్పు గారి దగ్గర్నుంచి అనుమతి తెప్పించి ఒక ఆదివారం పెట్టారు. అమ్మాయికి నుదుట తైలం పూసి విశ్వాసంలో స్థిరపరిచే భద్రమైన అభ్యంగనం, మొదటిసారి దివ్యసత్ప్రసాదపు అప్పం. చక్రాల కుర్చీలో వచ్చిన నర్సమ్మే, తల్లిలా పక్కనుండి జామీను నిలిచే జ్ఞానతల్లి. మాస్టారు మరదలి పక్కన చివరి వరసలో కూర్చున్నారు. అందరూ లేచినప్పుడు లేచారు, మోకాళ్ళూనినప్పుడు మాత్రం కూర్చుండిపోయారు. గురువుగారు తైలంతో కూతురి నుదుటి మీద గుర్తు వేస్తుంటే, నర్సమ్మ చెయ్యి ఆమె భుజం మీద ఉంది. అచ్చం భార్య నిలబడే తీరులోనే, కొంచెం ఎడమవైపుకు ఒరిగి, అమ్మాయి నిలబడి ఉంది. ఆయనకు కడుపు నిండినట్టయింది.

అంతలో అందరూ కలిసి, తాము నమ్మేవన్నీ వరసగా చెప్పుకునే విశ్వాస సంగ్రహం చెప్పసాగారు. ఆయన ఊరికే వింటున్నారు. మధ్యలో ఒక పేరు వినబడి నిటారుగా కూర్చున్నారు. పూజ అయ్యాక గుమ్మం దగ్గర గురువుగారిని పట్టుకున్నారు.

“నాకొక సందేహం. అంత పవిత్రమైన ప్రార్థనలో, యేసును సిలువ వేయించిన ఆ పిలాతు పేరెందుకు? ఎవడో ఒక పరాయి గవర్నరు. మంచివాడు కూడా కాదు.”

“ఎప్పుడు జరిగిందో చెప్పడానికి మాస్టారూ. అనగనగా అని మొదలుపెట్టే కథ కాదు మాది. ఫలానా గవర్నరు కాలంలో, ఫలానా ఊళ్ళో, నలుగురూ చూస్తుండగా జరిగింది అని చెప్పుకోవడమే మా పని.”

మాస్టారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. మరదలు దగ్గరికొచ్చి తొంగిచూసింది.

“ఏం బావగారూ, నమ్మకం కుదిరినట్టేనా?”

“విచారణలో ఉంది” అన్నారు ఆయన.

విచారణ గురువుకి ఆ మాట తెగ నచ్చింది. అవతలి వారం ప్రసంగంలో వాడుకున్నారు కూడా.

ఇప్పుడు ప్రతి గురువారం మధ్యాహ్నం మాస్టారు ముసలివాళ్ళ ఇంటికి వెళ్తారు. నర్సమ్మ ఆ నలభై ఒక్కమంది సంగతులు ఒక్కొక్కటే చెబుతుంది. బతికున్నవాళ్ళ ఇళ్ళకు ముందు కబురు పంపి, వాళ్ళు సరేనన్నాకే ఆయన రాస్తారు. కొందరు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని తమ పుట్టుక కథ తామే వింటారు. పోయిన గురువారం అరవై కిలోమీటర్ల అవతలి నుంచి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. రెండు రోజుల పసికందుగా తన మీద నీళ్ళు పడ్డ సంగతి వింటూ, ఆజానుబాహువు, తలుపంత మనిషి, చేతిలో టోపీ నలుపుతూ కూర్చున్నాడు. అతని వంతు అయ్యాక మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకుని, నర్సమ్మకు టీ అందించి, “ఊఁ, తర్వాత?” అన్నారు.